రాచపుండు - రచయితలు

కిందటేడు ఒక కథల పోటీకి నన్ను న్యాయనిర్ణేతల్లో ఒకడిగా ఉండమన్నారు. వచ్చిన కథల్లో ఏడు కాన్సర్ కథలు. ఏడింటినీ ఒక పక్కకు తీసి పెట్టుకుని వరసగా చదివాను. ఆరింటిలో రోగి చివరి పేజీలో చనిపోతాడు. నాలుగింటిలో రోగం పేరు ఇంట్లో అందరికీ తెలుసు, రోగికి తప్ప. మూడింటిలో డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు. ఒకదానిలో బయట వర్షం కూడా కురుస్తుంది. ఈ ఆరు కథల్లోనూ రోగి ఆసుపత్రికి వెళ్ళడానికి బస్సెక్కడు, డబ్బు అప్పు చెయ్యడు, అన్నం మింగలేక గంజి తాగడు. వార్త వింటాడు, కిటికీలోంచి చూస్తాడు, పోతాడు. ఏడో కథ వేరు. దాని సంగతి చివర చెబుతాను.

ఈ ఆరుగురూ యువ రచయితలే. వాళ్ళను నిందించడం సులువు. కాని వాళ్ళకు ఈ విద్య నేర్పినవాళ్ళెవరు? మా తరమే. 1979లో నేనొక వ్యాసంలో, భూస్వామ్యం మన పల్లెల ఒంట్లో పుట్టిన కాన్సర్ అనీ, కత్తితో కోసి పారెయ్యడం తప్ప దానికి వేరే వైద్యం లేదనీ రాశాను. సభలో చదివినప్పుడు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అవినీతినీ, కులాన్నీ, క్షుద్ర సాహిత్యాన్నీ, చివరికి మాతో విభేదించిన మిత్రులనూ అదే మాటతో తిట్టాను. 1983 జూన్ 15న శ్రీశ్రీ మద్రాసులో చనిపోయాడు. ఆయన్ని తీసుకుపోయింది నిజంగా కాన్సరే. అప్పుడు నేను రాసిన నివాళిని ఈ మధ్య వెతికి తీశాను. అందులో అస్తమయం ఉంది, జ్వాల ఉంది, మరో ప్రపంచం ఉంది. కాన్సర్ అన్న మాట మాత్రం లేదు. శత్రువును తిట్టడానికి నోరారా వాడిన మాటను అభిమాన కవి ఒంటి దగ్గరికి వచ్చేసరికి మింగేశాను. రెండూ ఒకే తప్పని నాకు అప్పుడు తోచలేదు. 2008లో మా పెద్దక్కకు అంగిట్లో పుండు లేచేదాకా తోచలేదు.

ఈ తప్పు నా ఒక్కడిదే కాదని తెలిసింది సూసన్ సోంటాగ్ వల్ల. రోగాన్ని రూపకంగా వాడడం మీద ఆమె 1978లో ఒక చిన్న పుస్తకం రాసింది. అప్పటికి మూడేళ్ళ ముందే ఆమెకు రొమ్ము కాన్సర్ వచ్చింది, వైద్యం జరిగింది. పుస్తకంలో ఆ సంగతి ఒక్క మాట కూడా లేదు. తన బాధ చెప్పుకుని సానుభూతి పొందడం ఆమెకు అక్కర్లేదు. రోగి నెత్తిన రచయితలూ రాజకీయవాదులూ పెట్టిన బరువును దించడమే ఆమెకు కావలసింది. కాన్సర్‌తో దేన్ని పోల్చినా, అది తప్పనిసరిగా చంపేదీ, నిర్దయగా నరికి పారెయ్యవలసిందీ అనే అర్థం వెంట వస్తుందనీ, ఆ మాట విన్న ప్రతిసారీ నిజంగా ఆ రోగం ఉన్న మనిషి తానే ఆ తిట్టునని అనుకుంటుందనీ ఆమె వాదన. నన్ను ఆపింది మరో చోటు. వియత్నాం యుద్ధ కాలంలో, ఆ ఆగ్రహంలో, తెల్లజాతిని మానవ చరిత్రకు పట్టిన కాన్సర్‌గా తానూ రాశానని ఆమె ఒప్పుకుంటుంది. ఆగ్రహం న్యాయమైనదే. మాట తప్పు. ప్రగతిశీల రచయితలు ఆ రెండు వాక్యాలనూ కలిపి మింగడం ఇంకా నేర్చుకోలేదు. ఈ మాట నాతో సహా అంటున్నాను.

సోంటాగ్ పుస్తకాన్ని తెలుగులోకి యథాతథంగా దించుకుంటే కుదరదు. ఆమె క్షయకూ కాన్సర్‌కూ మధ్య ఒక గీత గీస్తుంది. యూరపు సాహిత్యంలో క్షయ కవుల రోగం, ప్రేమికుల రోగం. మనిషిని పల్చగా, అందంగా, ఆత్మమయంగా చేస్తుంది. కాన్సర్ సిగ్గుపడే రోగం, ఒంటి లోపలి రోగం. మన దగ్గర ఏం జరిగింది? తెర మీద దగ్గి రుమాల్లో రక్తం చూసుకునే నాయకుడు కొంతకాలం రాజ్యమేలాడు. 1940లలో స్ట్రెప్టోమైసిన్, దాని వెంట మరికొన్ని మందులూ వచ్చాక క్షయ నయమయ్యే జబ్బయింది. ఇక కథకు మరణానికి పూచీ ఇచ్చే కొత్త రోగం కావలసి వచ్చింది. క్షయ విడిచిన కోటు తీసి మనవాళ్ళు కాన్సర్‌కు తొడిగారు. 1971లో వచ్చిన హిందీ ‘ఆనంద్’లో నాయకుడికి పేగుల్లో కాన్సర్. ఆకలి మందగించదు, నొప్పికి మెలికలు తిరగడు, నవ్వుతాడు, నవ్విస్తాడు. ఆ సినిమా నాకూ ఇష్టమే, కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. కాని ఆ రోగానికి పేగులతో ఏ సంబంధమూ లేదు. అది తేదీ నిర్ణయమైన చావు, అంతే.

1981లో దాసరి నారాయణరావు తీసిన ‘ప్రేమాభిషేకం’ ఇంకో అడుగు ముందుకు వేసింది. తనకు కాన్సర్ అని తెలిసిన నాయకుడు, ప్రేయసి తనను మరిచిపోవాలని, వేశ్యతో తిరుగుతున్నట్టు నటించి ఆమె అసహ్యాన్ని కొనుక్కుంటాడు. జనం దీన్ని త్యాగం అన్నారు. ఇక్కడ జరిగిందేమిటో చూడండి. ఒక స్త్రీకి నిజం తెలుసుకునే హక్కు పోయింది. మరో స్త్రీ బతుకు నాటకంలో వేషమైపోయింది. ఇద్దరినీ ఎవరూ అడగలేదు. చావు దగ్గర పడిందన్న ఒక్క కారణంతో పురుషుడికి అందరి జీవితాల మీదా సర్వాధికారాలు వచ్చేశాయి. మన మధ్యతరగతి కుటుంబంలో పెద్దలు ఆడవాళ్ళ తరఫున నిర్ణయాలు తీసుకునే పాత పద్ధతికి కాన్సర్ ఒక కొత్త పవిత్రతను తెచ్చిపెట్టింది.

ఆ పాత్ర వేసిన అక్కినేని నాగేశ్వరరావు ముప్పై రెండేళ్ళ తర్వాత, 2013 అక్టోబరులో, పత్రికలవాళ్ళను పిలిచి తనకు కాన్సర్ వచ్చిందని తానే చెప్పాడు. దాచలేదు. ‘మనం’ సినిమాలో నటించాడు. 2014 జనవరి 22న చనిపోయాడు, సినిమా మేలో వచ్చింది. తొంభై ఏళ్ళ మనిషి రోగం పేరు బహిరంగంగా చెప్పి పనికి వెళ్ళాడు. తెర మీది నాయకుడి కంటే ఈ నటుడి ప్రవర్తన మన కథకులకు ఎక్కువ నేర్పాలి. కాని ఈ ఆరు కథలూ 1981లోనే ఆగిపోయాయి.

వీటికి పూర్తిగా ఎదురుగా నిలిచే నవల సోల్జెనిత్సిన్ ‘కాన్సర్ వార్డ్’. ఆ రోజుల్లో మాలో చాలామంది దాన్ని ముట్టుకోలేదు. రచయిత రాజకీయాలు నచ్చవు కనక పుస్తకం చదవనక్కర్లేదనుకున్నాం. 1968లో అది రష్యా బయట అచ్చయింది, సోవియట్ పాఠకులకు 1990 దాకా అందలేదు. నేను చదివింది అంతకన్నా ఆలస్యంగా, అదీ ఆసుపత్రి వసారాలో. రచయిత రాజకీయాలు నాకు ఇప్పటికీ నచ్చవు. అయితే 1955 నాటి ఆ వార్డులో ఏముందో చూడండి. రుసానోవ్ అనే అధికారి మెడ మీద గడ్డతో వస్తాడు. తనకు ప్రత్యేకమైన గది లేదేమని, ఈ అలగా జనం మధ్య ఎలా పడుకోవాలని అతని మొదటి దిగులు. కోస్తోగ్లోతోవ్ ప్రవాసం నుంచి వచ్చిన మొండివాడు; తనకు ఎక్కిస్తున్నది ఏమిటో చెప్పమంటాడు. ఆ మందు ప్రాణం నిలబెట్టి మగతనం తీసేస్తుందని తెలిసినప్పుడు, ఏ ధర పెట్టి బతకాలో నిర్ణయించవలసింది ఎవరన్న ప్రశ్న వస్తుంది. ఏళ్ళ తరబడి ఎక్స్‌రే యంత్రాల దగ్గర పనిచేసిన దోంత్సోవా అనే డాక్టరుకు తనకే కాన్సర్ అనుమానం వస్తుంది. జీవితమంతా రోగులకు తెలియనివ్వని ఆ మనిషి ఇప్పుడు తనకూ వివరాలు చెప్పవద్దంటుంది. ఒక్క పాత్రతో ఆ రచయిత డాక్టరు అధికారాన్నీ, డాక్టరు భయాన్నీ పక్కపక్కన పెట్టాడు.

ఆ నవలను సోవియట్ వ్యవస్థకు రూపకంగా చదవడం పాశ్చాత్య విమర్శకులకు అలవాటు. మనవాళ్ళు కూడా అలాగే చదివి కోపగించారు. ఇద్దరూ మంచాలను చూడలేదు. సోల్జెనిత్సిన్ 1954లో తాష్కెంట్‌లో స్వయంగా ఆ వైద్యం చేయించుకున్నవాడు. అందుకే వార్డు వార్డుగా ఉంది: మంచాల మధ్య ఎంత ఎడం, ఎవరి దుప్పటి ఎలా ఉంది, ఎవరికి ఎవరు ఏం చదివి వినిపించారు. వ్యవస్థ అందులో కనపడుతుందంటే మంచం పట్ల నిజాయితీ వల్లనే. వస్తువును గౌరవిస్తే దృక్పథం దానంతట వస్తుందని మేం క్లాసుల్లో చెప్పిన పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మేమే దాన్ని పక్కన పెట్టాం.

ఇప్పుడు అక్క సంగతి. టెక్కలి దగ్గర పల్లె మాది. అక్క నాకంటే పదేళ్ళు పెద్ద. బడికి పోలేదు. పెళ్ళయిన నాటి నుంచీ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళ కోసం చెప్పాలి: అడ్డపొగ అంటే చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం. ఉత్తరాంధ్ర కోస్తా పల్లెల్లో ఇది ముఖ్యంగా ఆడవాళ్ళ అలవాటు. ఎందుకలా అని అడిగితే, గాలికి ఆరిపోదనీ, బూడిద పని మీద రాలదనీ, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయనీ చెప్పేది. ఊడ్పులకు వంగిన మనిషికి రెండు చేతులూ కావాలి కదా. నిప్పు వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. మామూలుగా పొగ తాగేవాళ్ళలో అరుదుగా కనిపించే గట్టి అంగిలి కాన్సర్ ఈ స్త్రీలలో ఎందుకు ఎక్కువగా ఉందో విశాఖపట్నం డాక్టర్లు 1950లలోనే పరిశీలించి వైద్య పత్రికల్లో రాశారు. అంటే శ్రీకాకుళం పల్లెల గురించి మేం కథలూ వ్యాసాలూ రాయడం మొదలుపెట్టే నాటికి ఆ సంగతి అచ్చులో ఉంది. నా వ్యాసాల్లో ఆ స్త్రీలు కనబడతారు. నోట్లో అడ్డంగా పెట్టిన చుట్ట కూడా కనబడుతుంది, స్థానికత తెలియజెప్పే వివరంగా. ఎంత సహజమైన చిత్రణ అని మెచ్చుకున్నాను కూడా, ఒకరిద్దరు రచయితలను. నోటి లోపలికి తొంగి చూడలేదు.

2008లో అంగిట్లో మానని పుండని మేనల్లుడు కబురు చేశాడు. విశాఖలో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చినప్పుడు డాక్టరు అక్కను బయట కూర్చోబెట్టి మమ్మల్ని లోపలికి పిలిచాడు. ‘ప్రేమాభిషేకం’ మీద ఇంత మాట్లాడిన నేను బయటికి వచ్చి చేసిన పనేమిటంటే, చిన్న కురుపే, కోసి తీసేస్తారట అని అక్కకు చెప్పడం. అక్క నా మొహం చూసి అంది: “నోరు నాది. కబురు మీకు సెప్తారేటి?” ఆమెకు ఆ పాటికే తెలుసు. వసారాలో పక్కన కూర్చున్న కొత్తూరామె చెప్పేసింది. ముక్క తీశారంటే ఏమిటో, తర్వాత కరెంటు ఎన్నాళ్ళు పెడతారో, ఏం తినొచ్చో, గంటసేపట్లో అక్క మాకంటే ఎక్కువ తెలుసుకుంది. రోగికి తెలియదన్న మన కథల పునాదే అబద్ధం. దాచిపెట్టడం వల్ల జరిగేది ఒకటే, ఆమె తన భయాన్ని మనకు కాక కొత్త మనిషికి చెప్పుకోవలసి వస్తుంది.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదట మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. తెల్లకార్డు ఉంది కనక ఆపరేషన్ ఖర్చు తప్పింది. బస్సుకూ, వెంట ఉన్న మేనల్లుడికి పోయిన కూలికీ, ఆసుపత్రి ఎదుటి సందులో తీసుకున్న గదికీ రెండు మేకలు అమ్మారు. అంగిలిలో ఒక భాగమూ పై దవడలో కొంతా తీసేశారు. నోటికీ ముక్కుకూ మధ్య అడ్డం పోయింది. ఏది తాగినా ముక్కులోంచి వచ్చేది, మాట్లాడితే గాలి తప్ప మాట లేదు. ఆ కంత మూసుకోవడానికి పంటిసెట్టు లాంటి ఒక ప్లేటు చేసి ఇచ్చారు. తర్వాత ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు, మొహానికి సరిపడా వేడిలో మలిచిన ముసుగు బల్లకు బిగించి రేడియేషన్ పెట్టారు. మూడో వారం నుంచి నోరంతా పుళ్ళు. తర్వాత ఎన్నేళ్ళయినా నోట్లో తడి సరిగా ఊరలేదు. మజ్జిగ సీసా చేతిలో లేకుండా అక్క ఎక్కడికీ వెళ్ళలేదు. చుట్ట మానింది. మానిన మొదటి సంవత్సరం మా అందరినీ తిట్టింది. అలా ఎనిమిదేళ్ళు బతికింది. పొలానికి వెళ్ళింది, మనవరాలి పెళ్ళి చేసింది, కోడలితో పోట్లాడింది. సాహిత్యంలో కాన్సర్ రోగులు కోడళ్ళతో పోట్లాడరు.

ఆ రోజుల్లో ఒకసారి, అక్కకు తోచడం లేదంటే, ఒక పత్రికలోంచి మంచి పేరున్న కాన్సర్ కథ చదివి వినిపించాను. శిల్పం బాగుంది. ప్రకృతి వర్ణన బాగుంది. అక్క శ్రద్ధగా విని మూడు ప్రశ్నలు అడిగింది. “ఆ బాబు ఆసుపత్రికి దేనిమీద ఎల్నాడురా? కూడా ఎవులెల్నారు? కూడేటి తిన్నాడు?” నేను పేజీలు వెనక్కి తిప్పాను. జవాబు లేదు. ముప్పై ఏళ్ళు సాహిత్య విమర్శ పాఠం చెప్పిన నాకు వస్తు వాస్తవికతను ఇంత సూటిగా పరీక్షించే పద్ధతి ఎవరూ చెప్పలేదు. ఈ పోటీ కథలను నేను ఆ మూడు ప్రశ్నలతోనే దిద్దాను.

సోంటాగ్‌తో నా పేచీ ఇక్కడే. రోగాన్ని రూపకాల నుంచి పూర్తిగా కడిగేయాలని, రోగం రోగమేనని ఆమె అంటుంది. కాని మనిషి పేరు పెట్టకుండా బతకగలడా? కాన్సర్ అన్నదే ఒక రూపకం. గడ్డ చుట్టూ పాకిన నరాలను చూసి పీతను తలుచుకున్న గ్రీకు వైద్యుల మాట లాటిన్ మీదుగా మనకు వచ్చింది. సంస్కృతంలో పీతను కర్కటం అంటారు, రాశి పేరూ అదే. తెలుగువాడు దీన్ని రాచపుండు అన్నాడు, రాచకురుపు అన్నాడు. క్షయకు సంస్కృతంలో రాజయక్ష్మ అని పేరు. ఉన్నదంతా ఊడ్చుకుపోయే రోగాలకు రాజు పేరు పెట్టడంలో జనానికి ఒక లెక్క ఉండే ఉంటుందని నాకు అనిపిస్తుంది. భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోకపోవచ్చు.

అక్క తన ప్లేటును ‘తలుపు’ అనేది. పొద్దున్నే మేం పలకరిస్తే చేత్తో ఆగమని సైగ చేసి, ప్లేటు కడుక్కుని పెట్టుకున్నాక, “తలుపేసుకోనీ, మాటాడతాను” అనేది. అన్నం దగ్గర, “తలుపు కదిలింది, ఉండు” అనేది. ఇదీ రూపకమే కదా. నేను భూస్వామ్యాన్ని కాన్సర్ అన్నప్పుడు నాకు కాన్సర్ గురించి ఏమీ తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు; భయపెట్టే చప్పుడు కావాలి, అంతే. తలుపు అన్న మాట ప్లేటు చేసే పని తెలిసిన మనిషి పెట్టింది. వెయ్యొచ్చు, తియ్యొచ్చు, ఊడితే బాగు చేయించుకోవచ్చు. మొదటి మాట రోగిని మూలకు తోస్తుంది. రెండోది ఆమె చేత అన్నం తినిపించింది. కనక రూపకం ఉండాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. దాన్ని చేసింది ఎవరు, ఏ పని చేస్తూ చేశారు అన్నది. సోంటాగ్ పుస్తకాల్లోని రోగం గురించి రాసింది, ఇళ్ళల్లోని రోగం ఆమె పరిధిలోకి రాలేదు.

2015లో రోగం తిరగబెట్టింది. ఇక కొయ్యడానికి లేదన్నారు. వారానికొకసారి వేసుకునే చిన్న మాత్రలు ఇచ్చారు, మెథోట్రెక్సేట్. ఆ మందు వంశం భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు దగ్గరికి పోతుంది. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల విరోధులతోనే సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త కాన్సర్ పిల్లలకు వైద్యం చేసి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. ఆ ఏడాదే సుబ్బారావు చనిపోయాడు. సిద్ధార్థ ముఖర్జీ 2010లో రాసిన కాన్సర్ చరిత్రలో ఈ కథ వివరంగా ఉంది. మేమూ సుబ్బారావు మీద వ్యాసాలు రాశాం, గుర్తింపు రాని తెలుగు మేధావి అని. మాత్ర మింగేవాళ్ళ గురించి రాయడం తోచలేదు. ఈ సంగతి అక్కకు చెబితే, మనోడేనా అని అడిగి, అయితే ఇంత చేదుగా ఎందుకు చేశాడంది. 2016లో చనిపోయింది.

ఏడో కథ సంగతి. రాసింది ఒక కొత్త రచయిత్రి. తాపీ పని చేసే స్త్రీకి రొమ్ములో గడ్డ. కథంతా ఒక్క రోజు: తెల్లవారుజాము బస్సు, టోకెను, యంత్రం చెడిపోయిందని నోటీసు, వసారాలో టిఫిను డబ్బా పంచుకున్న ముగ్గురు ఆడవాళ్ళు, మర్నాడు రమ్మని చెప్పడం. పనికి వెళ్ళకపోతే మేస్త్రీ వేరే మనిషిని పెట్టుకుంటాడు, మర్నాడు రావాలా పనికి పోవాలా అని ఆమె తిరుగు బస్సులో లెక్క వేసుకుంటూ ఉండగా కథ ఆగుతుంది. భాష అక్కడక్కడ కుంటుతుంది. రెండు చోట్ల రచయిత్రి పాత్ర నోటితో తాను ఉపన్యసించింది. అయినా నేను మొదటి బహుమతికి సిఫారసు చేశాను. తోటి న్యాయనిర్ణేతలు ముగింపు లేదన్నారు. బతికిందా చచ్చిందా పాఠకుడికి తెలియాలి కదా అన్నారు. బహుమతి వర్షం కురిసిన కథకు వెళ్ళింది.

రచయిత్రి ఆ తర్వాత నాకు ఉత్తరం రాసింది. ఒక పత్రిక ముగింపు మారిస్తే వేస్తామంటోందట, మార్చమంటారా అని. ముగింపు జోలికి పోవద్దని రాశాను. ఒక్క చోట మాత్రం దిద్దమన్నాను. రేడియేషన్ బల్ల మీద ఆ స్త్రీ ఒళ్ళు మండిపోయినట్టు రాసింది. అలా ఉండదు. యంత్రం కింద ఏమీ తెలియదు. చప్పుడు వినిపిస్తుంది, గదిలో ఒక్కతే ఉంటుంది, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మంట రెండు మూడు వారాలు పోయాక, ఇంటి దగ్గర, రవిక తొడుక్కునేటప్పుడు వస్తుంది. ఆ వాక్యాన్ని అక్కడికి మార్చమన్నాను.